డాక్టరు క్లౌ దొరగారి జీవితము – రామాయపట్నపు చదువు

ఈ వార్షిక మహాసభా సంచికకు మన ప్రాంతపు పూర్వులలో నొకరి జీవితమును వ్రాసి యిండని కార్యనిర్వాహకులు మమ్ము కోరినపుడు, మేము జాన్ ఎవరెట్ క్లౌ గారి పేరు చెప్పితిమి. వెంటనే రెండాక్షేపణలు వచ్చినవి. ఆయన మన కులమువాడు కాడు, మన దేశమువాడును కాడనునది మొదటిది. మన సభలో గుడికి పోవువారును, చర్చికి పోవువారును ఒక్క చాపమీదనే కూర్చుందురు గదా, మతప్రచారకుని కథ యేలయనునది రెండవది. ఈ రెండును తేలికగా త్రోసివేయదగినవి కావు. అయినను మార్కాపురము, కంభము, గిద్దలూరు ప్రాంతపు మాదిగపల్లెలలో అక్షరము దిద్దిన మొదటి తరమువారి త్రోవను వెనుకకు వెదకుచు పోయినచో, అనేక గృహముల విషయమున ఆ త్రోవ ఒంగోలునకును, అచ్చటినుండి సముద్రపుటొడ్డున నున్న రామాయపట్నపు పాఠశాలకును చేరుచున్నది. ఆ చదువు ఎట్టిది, అది మనకేమి యిచ్చినది, ఏమి యీయలేకపోయినది అను విచారణకొరకే ఈ జీవితమును వ్రాయుచున్నాము. ఆయన మతమును మెచ్చుటయు నిందించుటయు మా పని కాదు.

క్లౌ గారు 1836వ సంవత్సరము జూలై 16వ తేదీన అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రమున జన్మించిరి. తల్లిదండ్రులు వ్యవసాయదారులు. కుటుంబము పడమటి కొత్తభూములకు తరలిపోయినందున ఆయన బాల్యము అరణ్యమును కొట్టి పొలము చేసికొనువారి నడుమ గడచినది. యౌవనారంభమున మిన్నెసోటా ప్రాంతమున ప్రభుత్వపు సర్వే పనిలో చేరి, గొలుసు లాగుట మొదలుకొని పటము గీయుటవరకు ఆ విద్యనంతయు నేర్చిరి. తరువాత న్యాయవాది కావలెనని అయోవా రాష్ట్రమున చదువ నారంభించి, ఆ చదువు నడుమనే మనస్సు మారి మతసేవకు తిరిగిరి. పాఠకులు ఈ సర్వే పనిని జ్ఞాపకముంచుకొనవలెను. ఇరువదేండ్ల తరువాత వేలకొలది మనవారి ప్రాణములను నిలిపినది ఆయన చదివిన వేదాంతముకంటె ఆయన మోసిన కొలతగొలుసే యని మా యభిప్రాయము.

1864వ సంవత్సరము నవంబరు 30వ తేదీన భార్య హారియట్ గారితో బోస్టనులో ఒక చిన్న తెరచాప ఓడ నెక్కి, 1865 ఏప్రిలు నెలలో మద్రాసున దిగిరి. అప్పటికి అమెరికను బాప్టిస్టువారి తెలుగు మిషను ముప్పదేండ్లకు దగ్గరగ నడచినను, చేరినవారు బహుస్వల్పము. దానిని మూసివేయుదమా యని అమెరికాలోని సంఘమువారు పలుమారులు తర్కించిరి. అట్టి స్థితిలో క్లౌ దంపతులు 1866 సెప్టెంబరు నెలలో ఒంగోలున కాపురము పెట్టిరి. 1867 జనవరి 1వ తేదీన ఎనిమిదిమందితో అచ్చట సంఘమేర్పడినది.

ఇచ్చట మనవాడొకడు కథలోనికి వచ్చుచున్నాడు. యర్రగుంట్ల పేరయ్య ఒంగోలునకు పడమట తాళ్ళకొండపాడు గ్రామపు మాదిగ. తోళ్ళ వర్తకము చేయువాడు. అక్షరజ్ఞానము లేకున్నను తత్త్వవిచారమున్నవాడు. మతము మారకముందే రాజయోగ సంప్రదాయమున గురూపదేశము పొంది, తానును పలువురకు గురువై యుండెను. దీనిని మేము నొక్కి చెప్పుటకు కారణము కలదు. మాదిగపల్లెలు మిషనరీలు వచ్చువరకు చీకటిలో పడియుండినవని వ్రాయువారు కలరు. అది సత్యము కాదు. మన పల్లెలలో గురుపరంపర యుండెను, భజనలుండెను, వేదాంత చర్చ యుండెను. లేనివి పుస్తకము, పలక, బడి. పేరయ్య తోళ్ళ బేరమునకై ఉత్తరముగ పోయినపుడు ఏలూరు ప్రాంతమున క్రైస్తవ బోధ విని, 1866లో భార్య నాగమ్మతోకూడ బాప్తిస్మము పొందెను. తన గ్రామమునకు వచ్చి చుట్టుప్రక్కల పల్లెలన్నిటను బంధువర్గమునకు తాను విన్నది చెప్పెను. 1867 జనవరిలో క్లౌ గారు తాళ్ళకొండపాటికి పోయి గుడారము వేసి, కొన్ని దినములు వారికి బోధించి 28 మందికి బాప్తిస్మమిచ్చిరి. వారిని సిద్ధపరచినవాడు పేరయ్యయే. దొరగారు పోవకముందే పంట పండియుండెను.

ఆ కాలముననే ఒంగోలు పట్టణమున నొక పరీక్ష వచ్చినది. పట్టణమునందలి బ్రాహ్మణులును తక్కిన పెద్దకులములవారును దొరగారి బడికి తమ పిల్లలను పంపుచుండిరి. ద్రవ్యసహాయమును చేసిరి. పల్లెలనుండి మనవారు వచ్చి చేర మొదలిడగనే, వీరిని చేర్చుకొన్నచో తమ పిల్లలు రారని వారు తెలిపిరి. దొరగారికిది చిన్న సంగతి గాదు. పెద్దకులములవారు ముందు వచ్చినచో తక్కినవారు వారి వెంట వత్తురని అప్పటి మిషనరీలలో పెక్కుర నమ్మకము. ఆయన ఒక గదిలోను, హారియట్ గారు మరియొక గదిలోను ఆలోచించుచు బైబిలు తెరువగా, లోకము నీచముగ నెంచినవారినే దేవుడేర్పరచుకొనెనని చెప్పు ఒక్క భాగమే ఇరువురకును తటస్థించెనట. దానితో మనవారిని చేర్చుకొనుటకే నిశ్చయించుకొనిరి. బడి ఖాళీ యయ్యెను. ఆ ఖాళీబడి లెక్క ఏ రిజిస్టరులో వ్రాయబడెనో మే మెరుగము గాని, మన జాతిచరిత్రలో దానికి స్థానముండవలెను.

చేరినవారికి క్లౌ గారు పెట్టిన నియమములు మూడే. ఆదివారమున పని చేయరాదు, చచ్చిన గొడ్డుమాంసము తినరాదు, విగ్రహములకు మ్రొక్కరాదు. వినుటకు సులభముగనే యున్నవి. వీనిని పల్లెటూరి వ్యవస్థలో పెట్టి చూడుడు. ఊరిలో గొడ్డు చచ్చిన దానిని ఈడ్చుకొనిపోవుట మాదిగవాని విధి, మాంసము వాని కూలిలో భాగము. జాతరకు డప్పు కొట్టుట వాని విధి. కపిలబానకు తోలు, రైతునకు చెప్పులు, ఎద్దులకు వారులు సమకూర్చి, కళ్ళములో మేర పుచ్చుకొనుట వాని బ్రతుకు. అమ్మవారి యెదుట డప్పు కొట్టనన్నచో ఊరి పెద్దలకు కోపము. ఆదివారము పనికి రానన్నచో కోతల వేళ రైతునకు కోపము. కావున అనేక గ్రామములలో మనవారిపై కట్టుబాటు విధించిరి. బావి నీరు, పొలములోని దారి, పని, కూలి నిలిచిపోయినవి. కొందరు దెబ్బలు తినిరి. నీతిబోధ యనగా నేమో మనవారు మొదట నేర్చుకొన్నది పుస్తకమున గాదు, ఈ కష్టములోనే నేర్చుకొనిరి. చచ్చిన గొడ్డును తిననని పలికిన మనుష్యుడు తన కూలికి వెల యడుగుటకు ఒక మెట్టు ఎక్కినవాడగును. క్లౌ గారు దీని నంతయు ముందుగ నూహించి చేసిరని మేమనము. కాని చేసిన పిదప వెనుదీయలేదు.

మరియొక సంగతియు ఆయన పక్షమున చెప్పవలెను. వేషమును, ఇంటిని, తిండితీరును మార్చుకొండని ఆయన మనవారి నడుగలేదు. కుల గురువులు పల్లెపల్లెకు నడచిపోయి, ఎచ్చట నాదరించిన అచ్చట కూర్చుండి బోధించు పాతపద్ధతినే తన బోధకులకును ఉంచిరి. బోధకునకు మిషను ఇచ్చునది కొంత, పల్లెవారు పెట్టునది కొంతగ నుండవలెనని ఆయన కోరిక. మూడు నెలల కొకమారు బోధకులందరును ఒంగోలునకు వచ్చి, తాము తిరిగిన పల్లెల సంగతులు విన్నవించి, పాఠములు విని, వివాదములు తీర్చుకొని పోవుచుండిరి. అది మనవారి కులపంచాయితీకి దగ్గర చుట్టమే.

ఇట్లు తిరుగు బోధకులలో పెక్కురకు చదువు రాదు. వినిన మాటను విన్నట్లు చెప్పగలరు గాని పుస్తకము తెరచి చూపలేరు. ఈ లోటు తీర్చుటకే 1870 తరువాత తొలి సంవత్సరములలో రామాయపట్నమున సెమినరీ యనబడు దైవశాస్త్ర పాఠశాల యేర్పడినది. ఒంగోలునకును నెల్లూరునకును నడుమ సముద్రతీరమున నున్న గ్రామమది. అచ్చట టింపనీ దొరగారు కాపురముండిరి. పిదప విలియమ్సు దొరగారు పాఠశాల భారము వహించిరి. దానిని స్థాపించి నడపిన గౌరవము వారిది. అయితే విద్యార్థులలో అధికులు క్లౌ గారి పల్లెలనుండి వచ్చినవారు, చదువు ముగిసిన పిదప ఆ పల్లెలకే మరలినవారు. అందుచేత ఆ పాఠశాల రీతిని ఆయన జీవితమునుండి వేరుచేసి చెప్పవీలులేదు.

ఆ చదువు తెలుగున జరిగెను. దొరల భాష వచ్చినగాని చదువు గాదనుకొను దినములలో ఇది చిన్న విశేషము గాదు. ఇంగ్లీషు నేర్పినచో చదివినవాడు కచేరీ గుమాస్తాగిరికై పట్టణమున నిలిచిపోవును. తెలుగున నేర్పినచో పల్లెకు తిరిగిపోవును. దీనికి రెండవ ప్రక్కయు కలదు. ఆ గుమాస్తాగిరి మనవారికి అందకుండ పోవుటకును అదియే యొక కారణమైనది. ఏది మేలో పాఠకులే తేల్చుకొందురు గాక. మా మట్టుకు మేము, మొదటి తరమునకు తెలుగు చదువే తగినదనియు, రెండవ తరమునకు ఇంగ్లీషు ఇంకను త్వరగ అందియుండవలసినదనియు తలంతుము.

వచ్చిన విద్యార్థులు పిల్లలు కారు. పెండ్లియై బిడ్డలు కలిగిన పురుషులు, చెప్పులు కుట్టి కాయలు కాచిన చేతులతో వచ్చి అ ఆ లు దిద్దినవారు. సంసారముతో వచ్చి అచ్చటనే కాపురముండిరి. ఈ పాఠశాలలో మాకు మిక్కిలి నచ్చిన విషయము, భార్యలను ఇంటిపనికి విడువక వారికిని చదువు చెప్పుట. పురుషుడు ఊరూరు తిరుగవలసినవాడు. పల్లెలో నిలిచియుండునది భార్య. ఆమెకు చదువు వచ్చినచో బోధకుని యింటి యరుగు బడి యగును. మన పల్లెలలో పలుచోట్ల మొదటి పంతులమ్మ అట్టి బోధకుని భార్యయే. పెద్దకులముల యిండ్లలోను ఆడువారికి చదువు కూడదను తలంపు ప్రబలియున్న ఆ కాలమున, మాదిగ ఆడుది పుస్తకము పట్టుకొని పల్లె నడుమ కూర్చుండుట ఎట్టి దృశ్యమో ఊహింపవచ్చును.

పాఠములలో ప్రధానమైనది బైబిలు. అది మతపాఠశాల గదా. దాని కొరకే చదువు, వ్రాత. సెలవులలో పల్లెలకు పోయి బోధించుట ఆ చదువులోని భాగమే. కులవృత్తిని మెరుగుపరచు విద్య, చర్మములను కొత్త పద్ధతిని పదునుపెట్టుటవంటిది, అచ్చట ప్రధానము గాలేదు. తోలు పనిలో చేయితిరిగిన జనమునకు తోలు వ్యాపారపు లెక్క నేర్పి యుండినచో, తరువాత మద్రాసు సాహుకార్లకు పోయిన లాభములో కొంత మనకు నిలిచియుండెడిదేమో. ఇది నేటి మాట. ఆనాటివారిపై మోపుట న్యాయము కాదని మేమెరుగుదుము. అయినను చెప్పక యుండలేము.

పనిచేయుచు నేర్చుకొను చదువు మాత్రము రామాయపట్నమున గాక కాలువగట్టున దొరకినది. 1876లో వానలు తప్పినవి. 1878 వరకు సాగిన ధాతుకరువున మద్రాసు రాజధానిలో లక్షలకొలది జనము మడిసిరి. కరువు వచ్చినపుడు మొదట కూలిపోవునది భూమి లేనివాడు. రైతునకు పంట లేనప్పుడు మాదిగకు మేర యెక్కడిది? ప్రభుత్వమువారు కరువు పనిగ బకింగుహాము కాలువ త్రవ్వకమును సాగించుచుండిరి. ఆ పనిలో మనవారికి కలిగిన బాధ వేరు. మేస్త్రీలు పెద్దకులములవారు, అంటరానివారని దూరముంచుటయు, కూలిలో కోతయు నుండెను. క్లౌ గారు తానే మూడున్నర మైళ్ళ కాలువకు కంట్రాక్టు పుచ్చుకొనిరి. మిన్నెసోటా సర్వే విద్య ఇచ్చట అక్కరకు వచ్చినది. తాటాకు గుడిసెలు వేయించి, బావులు త్రవ్వించి, తన బోధకులనే మేస్త్రీలుగ నిలిపిరి.

రామాయపట్నమున చదివినవారిలో కొందరు, చదువురాని బోధకులు కొందరు, కాలువగట్టున లెక్కలు వ్రాయుచు, కూలీల పేర్లు పిలుచుచు, పని కొలుచుచు, మధ్యాహ్నపు విశ్రాంతివేళ చుట్టు కూర్చున్నవారికి బోధించుచు నుండిరి. పలుగు పట్టి వచ్చినవాడు ఏ కులమువాడైనను కూలి యొక్కటే. మేస్త్రీ మాదిగ యైనను కూలి తప్పలేదు. అచ్చటికి వచ్చినవారు దూరదూరపు పల్లెలవారు. కొన్ని వారములు త్రవ్వి, కూలి పుచ్చుకొని యిండ్లకు పోయి, తాము చూచినదానిని చెప్పిరి. కలరా కూడ వచ్చినది, ఎందరో పోయిరి. ఆ గట్టుమీద జరిగినదానిని ఏ పరీక్షాధికారియు పాఠమని వ్రాయడు.

కరువు సాగినంతకాలము, పదునైదు మాసములపాటు, క్లౌ గారు ఒక్కరికిని బాప్తిస్మమీయలేదు. గంజికొరకు చేరిరను మాట తనకును, చేరినవారికిని రాకూడదని ఆయన పట్టుదల. పని ముగిసి సహాయము నిలిచిన పిదప 1878లో పల్లెలనుండి జనము తండోపతండములుగ వచ్చి నిలిచిరి. ఒంగోలునకు ఉత్తరముగ పది మైళ్ళ దూరమున వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ రేవున, జూలై 2వ తేదీన 614 మందికిని, 3వ తేదీన 2,222 మందికిని, 4వ తేదీన 700 మందికిని బాప్తిస్మము జరిగినది. 3వ తేదీన నీటిలో నిలిచినవారు ఆరుగురు దేశీయ బోధకులు, ఒక్కసారికి ఇద్దరి వంతున. దొరగారు గట్టున నుండి జరిపించిరి. సంవత్సరాంతమునకు ఆ సంఖ్య 9,606కు చేరినది. గంజిమాట మాత్రము ఆగలేదు. అమెరికాలోనే కొందరు ఆక్షేపించిరి. ఒక్క బుక్కెడు గంజికి మతము మార్చుకొన్నవాడు గంజి నిలిచిన పిదప ఏల వచ్చునో ఆ యాక్షేపకులు చెప్పియుండలేదు.

గుండ్లకమ్మ మన నల్లమలలో గుండ్లబ్రహ్మేశ్వరము దాపున పుట్టి, విజయనగర కాలపు కంభము చెరువు నింపి, మార్కాపురపు సీమను దాటి, వెల్లంపల్లి మీదుగ సముద్రమున కలియును. ఎగువవారము మనమే. ఈ ఉద్యమము నీటికి ఎదురుగ మన సీమకు వచ్చినది. కంభము ప్రత్యేకముగ మిషను కేంద్రమై, తరువాత మార్కాపురమును అట్లే యయ్యెను. అప్పుడు ఈ తాలూకాలు కర్నూలు జిల్లాలోనివి. 1970లో ఒంగోలు జిల్లా యేర్పడినపుడు ఇటు చేరినవి, 1972లో దానికి ప్రకాశము పేరు వచ్చినది. అడవిసీమ, రాతినేల, దూరపు పల్లెలు. ఒక బోధకునకు పది, పదునైదు ఊళ్ళు. ఇచ్చటనే క్లౌ గారి చదువు బలహీనత బయటపడినది. జనము వేలకొలది చేరిరి. చదివినవారు పదులకొలదిగ మాత్రమే వచ్చుచుండిరి. చిన్నపాఠశాల ఎంత మంచిదైనను ఏటికి నలుబది, ఏబదిమందిని పంపగలదేమో; పల్లెలు వందలు. పేరు పుస్తకమున చేరి అక్షరము చేరని తరము మన సీమలో పెద్దది. బాప్తిస్మము ముందు పరుగెత్తెను, బడి వెనుక కుంటుచు వచ్చెను. ఇంకొక వింత చూడుడు: దేశపు పిల్లలందరు దిద్దు పలకలకు మార్కాపురమే పుట్టినిల్లు, ఆ రాతిగనులలో బలపపురాయి మోసిన మన కూలివారిలో ఎందరు పలకమీద తమ పేరు వ్రాసికొనగలిగిరి?

క్లౌ గారికి ఈ లోటు తెలియకపోలేదు. 1890 తరువాత స్వదేశమునకు పోయి, ఇరువదియైదుగురు కొత్త మిషనరీలను, ఏబదివేల డాలర్లను తెలుగుదేశమునకై సంపాదించిరి. ఒంగోలు ఉన్నత పాఠశాల ఆ దశాబ్దమున ద్వితీయశ్రేణి కళాశాల యయ్యెను. అందులో ఇతర కులములవారును చదివిరి. మునుపు ఖాళీయైన బడికి మరల వారే వచ్చుట కాలమహిమ. కళాశాల తరగతులు చిరకాలము నిలువలేదు. కళాశాలను పోషించుటకు తగిన ధనము గాని, మన పిల్లలలో అంతవరకు రాగల సంఖ్య గాని లేకపోయెను.

1893లో హారియట్ గారు మరణించిరి. మరుసటి సంవత్సరము ఎమ్మా రౌషెన్‌బుష్ గారిని ఆయన వివాహమాడిరి. అమెరికాలో సామాజిక న్యాయబోధకు పేరొందిన వాల్టరు రౌషెన్‌బుష్ గారికి ఈమె సోదరి, విద్వాంసురాలు. 1899లో చెప్పులు కుట్టుచు అను భావముగల పేరుతో ఇంగ్లీషున నొక గ్రంథము వ్రాసి, మాదిగల గురుపరంపరను, పేరయ్య మొదలగువారి కథలను వారి నోట విని భద్రపరచిరి. మన పూర్వుల పేర్లు అచ్చులో చదువవలెనన్న నేటికిని ఆమె పుస్తకమునే తెరువవలసియున్నది. డాక్టరు క్లౌ అని మనము పిలుచుట ఆయన వైద్యుడైనందున గాదు. అది దైవశాస్త్రమున వచ్చిన గౌరవపట్టము. ఒంగోలునందలి ఆస్పత్రికి ఆయన పేరు పెట్టుటచే ఈ భ్రమ కలుగుచున్నది.

వృద్ధాప్యమున ఒంగోలు బాధ్యతలు బేకరు దొరగారికి వదలి, 1910లో ఇండియా విడిచి, ఆ సంవత్సరమే నవంబరు 24వ తేదీన న్యూయార్కు రాష్ట్రపు రోచెస్టరు పట్టణమున క్లౌ గారు పరమపదించిరి. తెలుగుదేశమున వారు గడపిన కాలము నలుబదేండ్లకు పైబడినది.

రెండవ ఆక్షేపణకు బదులింకను మిగిలియున్నది. 1950లోని షెడ్యూల్డు కులముల ఉత్తరువు హిందువులకు మాత్రమే ఆ హోదా నిచ్చెను. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు వర్తింపజేసిరి. క్రైస్తవులైన మనవారు వెనుకబడిన తరగతులలో సి వర్గమున నొక్క శాతమునకు పరిమితులైరి. అన్న హిందువు, తమ్ముడు క్రైస్తవుడు. తాత యొక్కడే, డప్పు ఒక్కటే, వాడ యొక్కటే. కాని సర్కారు కాగితములో ఇరువురును వేరు. ఈ చీలిక క్లౌ గారు తెచ్చినదందురు కొందరు. ఆయన మరణించిన నలుబదేండ్లకు వచ్చిన ఉత్తరువునకు ఆయనను బాధ్యుని చేయుట తగదు. అయినను ఈ విషయమై మన సభలో ప్రతి సంవత్సరమును మాటలు పెరుగుచునే యున్నవి. ఆ తాత రామాయపట్నమున దిద్దిన అక్షరము ఇరువురు మనుమలకును సొత్తే యని మేము తలంచి ఈ జీవితమును ఈ సంచికలో చేర్చుటకు పట్టుబట్టితిమి.

తుదకొక విన్నపము. కంభము, మార్కాపురము, గిద్దలూరు, తర్లుపాడు, బేస్తవారిపేట ప్రాంతముల పల్లెలలో, రామాయపట్నమున చదివిన తాతముత్తాతల పుస్తకములు, పాఠశాలవారిచ్చిన పత్రములు, పంతులమ్మలైన అవ్వల ఫోటోలు, పల్లెబడి హాజరుపట్టీలు ఏ యింటి అటుకమీదనైన నున్నచో, చెదలపాలు కానీయక, మహాసభ దినములలో తెచ్చి కార్యాలయమున చూపగోరుచున్నాము. నకలు తీసికొని అసలును అచ్చటనే మరల అప్పగింపబడును.